పులిపిర్లు ఎందుకు పెరుగుతాయి? చర్మానికి సోకే వైరస్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జలుబు వైరస్ వస్తే ముక్కు కారుతుంది, వారంలో పోతుంది. మరి కొన్ని వైరస్‌లు చర్మంలో చేరి, కాయ కాసినట్టు కండ పెంచి, ఏళ్ల తరబడి ఎందుకు కూర్చుంటాయి? మైక్రోబయాలజీ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలూ, ఆ తర్వాత వాళ్ల అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి.

మెడ మీద వేలాడేవీ, వేళ్ల మీద గరుగ్గా లేచేవీ రెండూ పులిపిర్లేనా?

మన భాషలో రెండింటికీ ఒకటే పేరు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. మెడ చుట్టూ, చంకల్లో చిన్న తోకల్లా మెత్తగా వేలాడేవి స్కిన్ ట్యాగులు. లావుగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. అవి అంటుకునేవి కావు, ఈ పేజీలో వాటితో పనిలేదు.

వేళ్ల మీద, గోళ్ల పక్కన, మోకాళ్ల మీద కాలీఫ్లవర్ ముక్కలా గరుకుగా లేచేవి మాత్రం వైరస్ పని. ఆ వైరస్ పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. దీంట్లో 200కు పైగా రకాలున్నాయి. అరికాలి పులిపిర్లకు తరచుగా 1వ రకం, చేతివాటికి 2, 27, 57 లాంటివి, ముఖం మీద బల్లపరుపుగా వచ్చేవాటికి 3, 10 రకాలు కారణం. ఏ రకానికి ఏ చోటు ఇష్టమో దాదాపు స్థిరం.

అరికాల్లో ఉన్నది ఆనెకాయా, పులిపిరా? ఎలా తెలుస్తుంది?

చర్మం మీది గీతలు చూడండి. ఆనెకాయలో గీతలు మీదుగానే సాగిపోతాయి. పులిపిరి దగ్గర పక్కకు తప్పుకుంటాయి. పైన అరిగిన చోట నల్ల చుక్కలుంటే పులిపిరే. నేరుగా నొక్కితే ఆనె నొప్పెడుతుంది, రెండు పక్కల నుంచి పట్టి నలిపితే పులిపిరి నొప్పెడుతుంది.

ఆ నల్ల చుక్కల్ని మనవాళ్లు ‘వేర్లు’ అంటారు, ‘వేరుతో సహా పీకాలి’ అంటారు. పులిపిరికి వేర్లుండవు. అవి పైకి సాగిన సన్నని రక్తనాళాల్లో గడ్డకట్టిన నెత్తురు. పులిపిరి మొత్తం చర్మం పై భాగంలోనే ఉంటుంది, కింది కండలోకి దిగదు.

వైరస్ సోకితే కణం చచ్చిపోవాలి కదా? పెరగడమేమిటి?

అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. ఆటలమ్మనే తీసుకోండి. ఆ వైరస్ కణంలో చేరితే కణం ఉబ్బుతుంది, పక్క కణాలతో కలిసిపోయి ఒకే సంచిలో నాలుగైదు కేంద్రకాలున్న రాక్షస కణంగా మారుతుంది, చివరికి చస్తుంది. చచ్చిన కణాల మధ్య నీరు చేరితే అదే పొక్కు. సర్పిలో కూడా ఇదే కథ, ఎందుకంటే రెండింటికీ వైరస్ ఒకటే. దోచుకుని ఇల్లు తగలబెట్టి పోయే రకం అది.

హెచ్‌పీవీకి అలా కుదరదు, ఎందుకో తెలియాలంటే ముందు మన చర్మం ఎలా తయారవుతుందో చూడాలి. చర్మంలో పై భాగానికి అడుగున ఒకే వరస కణాలుంటాయి. రోజూ విభజన జరిగేది అక్కడే. కొత్తగా పుట్టిన కణం ఆ వరసను వదిలి పైకి కదలగానే విభజన మానేస్తుంది. పైకి పోతూ పోతూ కెరటిన్ (గోళ్లలో, జుట్టులో ఉండే గట్టి ప్రొటీన్) నింపుకుని, చదునై, కేంద్రకం పోగొట్టుకుని, దాదాపు నెల రోజులకు పొట్టుగా రాలిపోతుంది. మనం స్నానంలో రుద్దుకుంటే వచ్చే మట్టిలో కొంత ఇదే.

హెచ్‌పీవీ జన్యుపదార్థం చాలా చిన్నది. సుమారు 8,000 అక్షరాల డీఎన్‌ఏ వలయం, ఓ ఎనిమిది జన్యువులు. తన డీఎన్‌ఏను తిరగరాసుకునే ఎంజైము కూడా సొంతంగా లేదు. సొంత మగ్గం లేని నేతగాడన్నమాట. నేయాలంటే కణంలో ఉన్న మగ్గమే దిక్కు. కానీ విభజన ఆగిన కణంలో ఆ మగ్గాలన్నీ మూతపడి ఉంటాయి. కాబట్టి వైరస్‌కు ఒకటే దారి: మూసేయాల్సిన మగ్గాల షెడ్డును మూయనీయకుండా చూడటం. ఆపాల్సిన విభజన ఆగకపోతే కణాలు పోగుపడతాయి. మన కంటికి కనిపించే కాయ ఆ పోగే. వైరస్‌కు కాయతో పనిలేదు, దానికి కావాల్సింది మగ్గం ఆడటమే.

ఆ షెడ్డును తెరిచి ఉంచేది ఏ ప్రొటీన్లు?

ముఖ్యంగా రెండు: ఇ6, ఇ7. మన కణంలో ఆర్‌బీ అనే కాపలా ప్రొటీన్ ఉంటుంది. చిన్నపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాను పరిశోధిస్తూ కనుగొన్నారు కాబట్టి ఆ పేరు. విభజనకు పచ్చజెండా ఊపే ఇ2ఎఫ్ అనే ప్రొటీన్‌ను ఆర్‌బీ పట్టి ఉంచుతుంది. వైరస్ ఇ7 వచ్చి ఆర్‌బీకి అతుక్కుంటుంది, ఇ2ఎఫ్ జారిపోతుంది, కణం డీఎన్‌ఏ కాపీ చేసే దశలోకి దిగుతుంది. (వైరస్ ఇ7, కణం ఇ2ఎఫ్: పేర్లు ఒకేలా ఉన్నా చుట్టరికం లేదు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.)

వేళ కాని వేళ కణం విభజనకు దిగితే దానికి అనుమానం వస్తుంది. పీ53 అనే ఇంకో కాపలాదారు ‘ఇదేదో తేడాగా ఉంది, చచ్చిపో’ అని ఆజ్ఞ ఇస్తుంది. క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాల ఇ6 ఇక్కడ జోక్యం చేసుకుంటుంది. కణంలోనే ఉన్న చెత్త ఎత్తే వ్యవస్థకు పీ53ని అప్పగించి నాశనం చేయిస్తుంది. చేతి పులిపిర్ల రకాల ఇ6కు ఆ సత్తా లేదు. ఆ ఒక్క తేడా మీదే చాలా ఆధారపడి ఉంది.

చర్మంలో ఉండే మరికొన్ని రకాలు, 5, 8 లాంటివి, వేరే మెలిక వాడతాయి. కణానికి ‘ఇక పెద్దదానివయ్యావు, కెరటిన్ నింపుకో’ అని చెప్పే నాచ్ అనే సంకేతాన్ని వాటి ఇ6 అడ్డుకుంటుంది. కణం ముదరడం ఆలస్యమవుతుంది.

కణం ఆకారం ఎలా మారుతుంది? మైక్రోస్కోపులో ఏం కనిపిస్తుంది?

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. పులిపిరిని అడ్డంగా కోసి, రంగు వేసి చూస్తే ముందు కనిపించేది చర్మం మందం. మామూలుగా చిన్న అలల్లా ఉండాల్సిన పొర గోపురాల వరసలా పైకి లేస్తుంది. కింది అంచులేమో కాయ మధ్యవైపు తిరిగి వంగి ఉంటాయి. ప్రతి గోపురం లోపల ఒక రక్తనాళం పైదాకా సాగి ఉంటుంది, పైన చెప్పిన నల్ల చుక్క అదే. అన్నిటికన్నా పైన కెరటిన్ పెచ్చులు పెచ్చులుగా పేరుకుని ఉంటుంది. ఆ పెచ్చుల్లో, పోవాల్సిన కేంద్రకాలు అక్కడక్కడా మిగిలిపోయి కనిపిస్తాయి. షెడ్డు సరిగా మూతపడలేదనడానికి అది సాక్ష్యం.

పొర మధ్యలోంచి పైకి చూస్తే అసలు నేరస్థులైన కణాలు దొరుకుతాయి. కేంద్రకం ముడుచుకుని, ఎండుద్రాక్షలా ముడతలు పడి, నల్లబారి ఉంటుంది. దాని చుట్టూ ఖాళీగా తెల్లటి వలయం. వీటిని కాయిలోసైట్లు అంటారు. గ్రీకులో ‘కాయిలోస్’ అంటే బోలు. 1956లో కాస్, డర్ఫీ ఈ పేరు పెట్టారు. వీటి పక్కనే ఉండే కణాల్లో, కెరటిన్ తయారీకి కావాల్సిన గింజలు మామూలుకన్నా లావుగా ముద్దలు కట్టి ఉంటాయి.

ఇక కణం లోపలి అస్థిపంజరం సంగతి. చర్మ కణానికి బలం కెరటిన్ దారాల వల. నులక మంచానికి నులక ఎలాగో కణానికి ఆ వల అలాగ. హెచ్‌పీవీలో ఇ4 అనే ప్రొటీన్ ఒకటుంది. కణం పైకి చేరాక ఇది కుప్పలు తెప్పలుగా తయారవుతుంది. 16వ రకంలో ఇది కెరటిన్ దారాలకే అతుక్కుని వలను కుప్పకూలుస్తుందని 1991లో చూపించారు. అరికాలి పులిపిర్లలో ఇదే ప్రొటీన్ ఎర్రటి ముద్దల్లా మైక్రోస్కోపులో కనిపించేంతగా పేరుకుంటుంది.

నులక తెంపడం వల్ల వైరస్‌కు లాభమేమిటి? దానికి కణాన్ని బద్దలుకొట్టుకుని బయటపడే ఏర్పాటు లేదు. పొట్టుతో పాటు రాలిపోవాలి, రాలిన పొట్టు పెళుసుగా చితికిపోవాలి. గట్టిగా అల్లిన కణం దానికి జైలు. అందుకే కింద ఉన్నప్పుడు కణాన్ని పెంచుతుంది, పైకి వచ్చాక డొల్ల చేస్తుంది. ఒకే వైరస్ రెండు పొరల్లో రెండు రకాల పనులు చేస్తుందన్నమాట.

అయితే కాయ నిండా వైరసే ఉంటుందా?

ఉండదు. కాయలో దాదాపు అంతా మన చర్మమే. అడుగు వరసలో వైరస్ డీఎన్‌ఏ కాపీలు కొద్దిగా మాత్రమే ఉంటాయి. 55 నానోమీటర్ల పూర్తి వైరస్ కణాలు పై పొరల్లోనే తయారవుతాయి. 1907లో ఇటలీ వైద్యుడు చూఫో పులిపిరి రసాన్ని బ్యాక్టీరియా కూడా దూరని వడపోత గుండా పంపి, ఆ నీటితోనూ పులిపిరి పుట్టించగలిగాడు. వైరస్ అనే మాటకు ఇప్పటి అర్థం కూడా సరిగా స్థిరపడని రోజులవి.

పిల్లల ఒంటి మీద ముత్యాల్లా, నడుమ గుంటతో వచ్చేవి కూడా ఇవేనా?

కాదు. అవి మొలస్కం. మశూచి వైరస్‌కు చుట్టం. మశూచిని 1980లో ప్రపంచం నుంచి తరిమేశామని ప్రకటించారు. మనుషులకు మాత్రమే ప్రత్యేకమైన పాక్స్ (మశూచి కుటుంబపు) వైరస్‌లలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

ఇది హెచ్‌పీవీకి పూర్తిగా వ్యతిరేకం. జన్యుపదార్థం సుమారు 1,90,000 అక్షరాలు. మగ్గం, నూలు, అద్దకం అన్నీ సొంతమే. కేంద్రకం గడప కూడా తొక్కదు, బయట కణద్రవంలోనే సొంత కార్ఖానా పెట్టుకుంటుంది. ఆ కార్ఖానా పెరిగి పెరిగి కణాన్నంతా నింపేసి కేంద్రకాన్ని ఒక మూలకు నెట్టేస్తుంది. ఈ పెద్ద ముద్దల్ని 1841లో హెండర్సన్, పాటర్సన్ అనే ఇద్దరు విడివిడిగా వర్ణించారు, ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. పొక్కును నొక్కితే గుంటలోంచి వచ్చే తెల్లటి పెరుగులాంటి పదార్థం ఈ ముద్దలే. నొక్కొద్దు, అదే పక్కకు అంటుకుంటుంది.

ఇక్కడా అడుగు వరస కణాలు మామూలుకన్నా వేగంగా విభజన చెందుతాయి, అందుకే పొక్కు బయటికి ఉబ్బుతుంది. పైగా, సోకిన కణం ఆత్మహత్య చేసుకోకుండా ఎంసీ159 అనే ప్రొటీన్‌తో అడ్డుకుంటుంది. ల్యాబ్‌లో పెంచుదామంటే ఈ వైరస్ సరిగా లొంగదు, అందుకే దీని మీద పరిశోధన నత్తనడక. పిల్లల్లో చాలావరకు 6 నుంచి 18 నెలల్లో తనంతట తానే పోతుంది.

గొర్రెలు కాసేవాళ్ల చేతి మీద వచ్చే బొడిపెలూ వైరస్ వల్లేనా?

గొర్రెపిల్లల మూతి పుండ్లను ముట్టుకున్న వారం లోపు వేలి మీద ఎర్రటి బొడిపె లేస్తే అది ఆర్ఫ్ అనే వైరస్ జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

కణాల పెరుగుదల విషయంలో ఆర్ఫ్ చేసే పని విచిత్రం. రక్తనాళాలు పెరగడానికి మన శరీరం వాడే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఉంది కదా, దాని నకలును ఈ వైరస్ తన జన్యుపదార్థంలోనే మోసుకు తిరుగుతుంది. అందుకే బొడిపెలో కొత్త రక్తనాళాలు గుత్తులుగా పుట్టుకొస్తాయి, తాకితే నెత్తురొస్తుంది. చీముగడ్డ అనుకుని కోయించుకోవద్దు. చీము ఉండదు, పుండు పెద్దదవుతుంది. నెలన్నర ఓపిక పడితే ఆరోగ్యవంతుల్లో దానంతటదే మానుతుంది.

పులిపిర్లు క్యాన్సర్‌గా మారతాయా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేతి పులిపిర్ల గురించైతే టెన్షన్ అక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలు వేరు. వాటిని 1983, 84లలో వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్యాన్సర్ వల్ల వైరస్‌కు కూడా నష్టమే. మామూలుగా దాని డీఎన్‌ఏ వలయంలా విడిగా ఉంటుంది. ఎప్పుడో పొరపాటున ఆ వలయం తెగి మన క్రోమోజోములో ఇరుక్కుంటుంది. అలా తెగినప్పుడు ఇ2 అనే కళ్లెం లాంటి జన్యువు తరచుగా పాడైపోతుంది. ఇక ఇ6, ఇ7లకు అడ్డూ అదుపూ ఉండదు. కణం పిచ్చిగా పెరుగుతుంది. కానీ ఆ కణంలోంచి కొత్త వైరస్ ఒక్కటీ బయటికి రాదు. మగ్గం ఆడుతూనే ఉంటుంది, బట్ట మాత్రం రాదు.

మెర్కెల్ కణ క్యాన్సర్‌లో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముసలివాళ్లలో ఎండ తగిలే చర్మం మీద వచ్చే అరుదైన, ప్రమాదకరమైన క్యాన్సర్ అది. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ దంపతుల బృందం అందులో ఒక పాలియోమా వైరస్‌ను కనుగొంది. సుమారు 80 శాతం మెర్కెల్ గడ్డల్లో అది ఉంటుంది. తమాషా ఏమిటంటే పెద్దవాళ్లలో అత్యధికుల చర్మం మీద ఈ వైరస్ ఏ హానీ చేయకుండా బతుకుతుంది. గడ్డల్లో దొరికే వైరస్‌లో మాత్రం ఒక ముఖ్యమైన ప్రొటీన్ సగానికి తెగి ఉంటుంది. తనను తాను కాపీ చేసుకునే సగం పోయింది, ఆర్‌బీని పట్టుకునే సగం మిగిలింది.

ఇక 5, 8 రకాల హెచ్‌పీవీ చాలామంది చర్మం మీద మౌనంగా ఉంటుంది. పుట్టుకతో కొన్ని జన్యువులు లోపించినవాళ్లలో మాత్రం చిన్నప్పటి నుంచే ఒళ్లంతా మచ్చల్లా వ్యాపిస్తుంది, ఎండ తగిలే చోట క్యాన్సర్‌గా మారుతుంది. 1922లో లెవాండోవ్‌స్కీ, లుట్జ్ దీన్ని మొదట వర్ణించారు.

ఇన్నేళ్లు మన రోగ నిరోధక శక్తి ఏం చేస్తోంది?

దానికి కబురే అందదు. పులిపిరి వైరస్ రక్తంలోకి రాదు. కణాన్ని చంపదు, కాబట్టి వాపు, మంట ఉండవు. ప్రొటీన్లు ఎక్కువగా తయారయ్యేది ఎలాగూ రాలిపోయే పై పొరలో. ఏదో ఒక రోజు కబురు అందుతుంది, అప్పుడు ఒంటి మీదున్న కాయలన్నీ కొద్ది వారాల్లో కూడబలుక్కున్నట్టు రాలిపోతాయి. పిల్లల్లో మూడింట రెండొంతులు రెండేళ్లలో ఇలాగే పోతాయి. కిడ్నీ మార్పిడి తర్వాత రోగ నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో గుంపులుగా వచ్చేదీ ఇందుకే.

సున్నం, సోడా కలిపి పెడితే పోతుందంటారు?

నాకు ఏడో తరగతిలో మా నాయనమ్మ పెట్టింది. పులిపిరి పోయింది, దాంతో పాటు వేలి మీద చర్మం కూడా పోయింది, మచ్చ ఇంకా ఉంది. ఆరు నెలలకు ఆ పక్కనే ఇంకోటి మొలిచింది. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో కూడా అడుగు వరసలో వైరస్ డీఎన్‌ఏ ఉండొచ్చు, కాల్చినా కోసినా తిరిగి రావడానికి కారణం అదే.

సాలిసిలిక్ యాసిడ్ మందు రోజూ రాసి, నానబెట్టి అరగదీయడం నెమ్మదైన పద్ధతే అయినా మంచిదే. డాక్టర్లు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు, కరెంటుతో కాలుస్తారు. షుగర్ ఉన్నవాళ్లు కాలి మీద సొంత వైద్యం అసలు చేయొద్దు. ముఖం, మర్మాంగాల దగ్గర ఎవరైనా సరే చేయొద్దు.

సర్పికి మాత్రలున్నాయి, పులిపిరికి ఎందుకు లేవు?

సర్పి వైరస్‌కు సొంత ఎంజైములున్నాయి. ఎసైక్లోవిర్ వాటిని పట్టుకుని పనిచేస్తుంది. హెచ్‌పీవీది అద్దె మగ్గం. దాన్ని విరగ్గొడితే మన కణమే పోతుంది.

హెచ్‌పీవీ టీకా వేయిస్తే చేతి పులిపిర్లు రావా?

వస్తాయి. టీకాను వైరస్ పై తొడుగైన ఎల్1 ప్రొటీన్‌తో తయారుచేస్తారు. ఒక రకం తొడుగును చూసి నేర్చుకున్న శరీరం అన్ని రకాలనూ గుర్తుపట్టదు. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్‌లో ఉన్నవి 6, 11, 16, 18 రకాలు. మొదటి రెండూ మర్మాంగాల పులిపిర్లకు, తర్వాతి రెండూ క్యాన్సర్‌కు కారణం. చేతి పులిపిర్ల 2, 27, 57 అందులో లేవు. ఆడపిల్లలకు ఈ టీకా వేయించాల్సింది క్యాన్సర్ కోసం, చేతి పులిపిర్ల కోసం కాదు.

ఖమ్మం సంగతి కూడా అడుగుతుంటారు. 2009లో అక్కడ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును 2010లో ఆపేశారు. ఆ పిల్లల్లో కొందరి మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టించడం తప్పే.

ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు వస్తాయా?

రావచ్చు. చర్మం మీద కంటికి కనిపించని గీత ఉన్నా చాలు, వైరస్ అడుగు వరసకు చేరుతుంది. గోళ్లు కొరికే పిల్లలకు గోళ్ల చుట్టూ, గడ్డం గీసుకునేవాళ్లకు రేజర్ నడిచిన దారిలో వరసగా రావడం అందుకే. తువ్వాలు, రేజర్ వేరుగా పెట్టుకోండి.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘కాయిలోసైట్లు’ అని ఉంది. భయపడాలా?

ఆ మాట ఉందంటే హెచ్‌పీవీ తన పని చేస్తోందని అర్థం, అంతే. పులిపిరి రిపోర్టులో అది ఉండటం మామూలే. డాక్టరును అడగాల్సింది ‘డిస్‌ప్లేసియా’ అనే మాట గురించి. కణాలు వరస తప్పి, కేంద్రకాలు అడ్డదిడ్డంగా పెరిగాయా లేదా అనేది అందులో ఉంటుంది. అది ఉంటే ఏ స్థాయిలో ఉందో, ముక్క అంచుల దాకా ఉందో లేదో కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.